ఇరవయ్యో పాఠం కింద సంతకం

పాండురంగ సైకిలు దిగి, ప్యాంటు అంచుకు పెట్టుకున్న బట్టల క్లిప్పు తీసి జేబులో వేసుకుని, గేటు పక్క నల్లా కింద చేతులు కడుక్కున్నాడు. చలికాలమైనా ఇంతే, వానాకాలమైనా ఇంతే. చాక్‌పీసు పట్టే చేతికి చెయిను జిడ్డు అంటి ఉండకూడదని అతని పట్టుదల. రుమాలుతో వేలి సందులు కూడా తుడుచుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి, పై జేబులో ఎర్ర పెన్ను ఉందో లేదో తడిమి చూసుకుని అప్పుడు లోపలికి నడిచాడు.

యాభై రెండేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎవరో ఏదో చెబుతుంటే వినడానికి వంగినట్టు మెడ ఎప్పుడూ కొద్దిగా ముందుకే ఉంటుంది. ఇరవై ఏళ్లు బోర్డు మీద రాసి రాసి కుడి భుజం ఎడమదానికన్నా వేలెడు పైకి లేచింది. అతని భార్య శారద చొక్కా దండెం మీద వేసినప్పుడల్లా, "నీ చొక్క గూడ వంకరనే ఆరుతది" అని నవ్వుతుంది. ఒకసారి రేషను కార్డు తీసి చూస్తూ, "ఇదొక్కటే గదయ్యా నీ పేరు మీద ఉన్నది" అంది. అదీ నవ్వుతూనే అంది. ఆ రాత్రి పాండురంగ అన్నం సరిగ్గా తినలేదు.

నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో, కింద మూడు గదులు, పైన రేకుల కింద నాలుగు గదులు ఉన్న ఆ బడికి యజమాని, హెడ్మాస్టరు, గుమస్తా అన్నీ పరంధామయ్యే. అక్కడ పాండురంగకు రెండు పేర్లు. పిల్లలకు పాండు సారు. ఏటా బీఈడీ కాలేజీ నుంచి పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి వచ్చే వాళ్లకు మాత్రం చిదంబరం సార్.

ఇదేం విడ్డూరం అనుకుంటారేమో. విడ్డూరమే. కాని అప్పట్లో ఇలాంటి విడ్డూరాలు ఆ సందుల్లో ఒకటా రెండా! బీఈడీ చదివేవాళ్లు ఎంత పుస్తకాలు బట్టీ కొట్టినా, ఏదో ఒక బడికి పోయి నిజం పిల్లల ముందు ఇరవై పాఠాలు చెప్పాలి. ప్రతి పాఠానికీ ముందే పథకం రాసుకోవాలి. పిల్లలను పాఠంలోకి ఎలా దింపుతావు, ఏ ప్రశ్న అడుగుతావు, బోర్డు మీద ఏం రాస్తావు, చివర ఇంటి పని ఏమిస్తావు, అన్నీ గళ్లు గీసి రికార్డులో పెట్టాలి. ఆ బడిలో బీఈడీ చేసిన ఉపాధ్యాయుడు ఒకరు వెనక కూర్చుని పాఠమంతా చూసి, నాలుగు మాటలు రాసి, కింద పేరు, అర్హత వేసి సంతకం పెట్టాలి. పరంధామయ్య బడిలో బీఈడీ చేసినవాడు లేడు. ఉన్నదల్లా ఫైలులో. లాలాపేటలో ఉండే కె. చిదంబరం అనే ఎం.ఏ., బీఈడీ చదివిన ఆయన సర్టిఫికెట్లు ఏడేళ్ల కిందట తెచ్చి ఫైలులో పెట్టుకున్నాడు పరంధామయ్య. కాగితాల్లో పాఠాలు చెప్పేది చిదంబరం. తరగతిలో చెప్పేది పాండురంగ. మొదటి ఏడాది బీఈడీ పిల్లలు వచ్చినప్పుడు, "ఈయన మా చిదంబరం సార్" అని పరంధామయ్య భుజం తట్టి చూపించాడు. పాండురంగ కాదనలేదు. ఆ ఒక్కపూట నోరు పెగలకపోవడమే అతని కొంప ముంచింది.

సంతకం కూడా తనే పుట్టించుకున్నాడు. పాత క్యాలెండరు కాగితాల వెనక రెండు రోజులు సాధన చేశాడు. పెద్ద 'చి', దాని కింద పొడుగాటి తోక, తోక చివర రెండు చుక్కలు. అసలు చిదంబరం ఎలా పెడతాడో అతనికి తెలియదు. ఆయన ముఖం కూడా ఎన్నడూ చూసింది లేదు.

ఆ శుక్రవారం ఏడో తరగతిలో దీప చివరి పాఠం, ఇరవయ్యోది. దీపది నారపల్లి. పెళ్లయి రెండేళ్లు. పొద్దున్నే వంట చేసి, బస్సులో ఉప్పల్ రింగురోడ్డు దాకా వచ్చి, అక్కడ మెట్రో పిల్లర్ల కోసం తవ్విన గుంతలు దాటుకుని ఆటో ఎక్కి వస్తుంది. మొదటి రోజు పిల్లలు గుసగుసలాడితేనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు ఇంటి నుంచి చుట్టి తెచ్చుకున్న నల్లగుడ్డ రోలప్ బోర్డు మేకుకు తగిలిస్తూనే వెనక్కి తిరగకుండా, "మహేశూ, కూసో" అనగలుగుతోంది. పాండురంగ వెనక ఇనుప కుర్చీలో కూర్చుని రికార్డు ఒళ్లో పెట్టుకున్నాడు.

పాఠం నదులు. "మీ ఇంటికి నీళ్లు యాడికెల్లి వస్తయి?" అని అడిగింది దీప. రికార్డులో ఆ ప్రశ్న ఎదురుగా 'నది నుంచి' అని జవాబు రాసి ఉంది.

"ట్యాంకర్‌కెల్లి టీచర్!" అని తరగతి మొత్తం అరిచింది.

దీప ముఖం పాలిపోయింది. వెనక్కి చూసింది. పాండురంగ మెల్లగా కళ్లు మూసి తెరిచాడు. అది వాళ్లిద్దరి గుర్తు. ప్రశ్న అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టుకో, తొందరపడకు అని. దీప లెక్కపెట్టుకుంది. తర్వాత నవ్వి, "మరి ట్యాంకర్లకు యాడికెల్లి వచ్చినయి?" అంది. అక్కడి నుంచి బోరుకు, బోరు నుంచి చెరువుకు, చెరువు నుంచి పైపులకు, పైపుల నుంచి మంజీర నదికి పోయింది పాఠం. చివరి బెంచీ మీద ఎన్నడూ నోరు తెరవని పిల్ల కూడా లేచి నిలబడి, వాళ్ల నల్లాలో రెండు రోజులకోసారి వచ్చే నీళ్ల గురించి చెప్పింది. పాండురంగకు ఛాతీ నిండినట్టయింది. ఇట్లాంటప్పుడు అతనికి తన అసలు పేరేమిటో కూడా గుర్తుండదు.

గంట కొట్టాక దీప దగ్గరికొచ్చింది. "సార్, గీ రికార్డు ఇయ్యాల అయిదింటికల్లా కాలేజీల ఇయ్యాలె. ఇది లేకుంటె ప్రాక్టికల్‌కు కూసోనియ్యరంట. అన్నిట్ల మీ సంతకం అయింది, గిదొక్కటే."

"పాఠం మీద నాలుగు మాటలు మంచిగ రాయాలె బిడ్డా. మధ్యాహ్నం రాస్త" అన్నాడు పాండురంగ.

అంతలో పరంధామయ్య పిలిచాడు. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, కుర్చీలోంచి లేవడం తక్కువ. "పాండూ, రేపు డీఈవో ఆఫీసుకెల్లి తనిఖీకి వస్తున్నరు. కొత్త చట్టం గదా, బీఈడీ సార్లు ఎందరున్నరో లెక్క జూస్తరు. ఈ బడిల పాఠాలు జెప్తున్న అని రాసిన గీ డిక్లరేషన్ మీద చిదంబరంతోని అసలు సంతకమే పెట్టించాలె. బ్యాంకు పాస్‌బుక్కు తోని పోల్చి జూస్తరట. నీ తోక సంతకం పనికిరాదు" అని తనే నవ్వాడు. "ఫోన్ జేస్తె ఎత్తుతలేడు. జర ఉరికిరా."

పాండురంగ కాగితం మడిచి, మళ్లీ ప్యాంటుకు క్లిప్పు పెట్టుకుని సైకిలెక్కాడు.

లాలాపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు సైకిలు దిగి నెట్టుకుంటూ పోయాడు. కింద గూడ్సుబండి పోతోంది. ఏడేళ్లుగా ఎవరి పేరు తొడుక్కు తిరుగుతున్నాడో ఆ మనిషిని ఇప్పుడు చూడబోతున్నాడు. ఏమని పలకరించాలి? నేనే మీరు అనాలా? తలుచుకుంటే నవ్వొచ్చింది, నవ్వు వెంటనే సిగ్గూ వచ్చింది.

తను బీఈడీ చేయలేకపోవడానికి అడ్డుపడింది డిగ్రీయే. దారపు మిల్లులో పనిచేస్తూ ప్రైవేటుగా డిగ్రీ కట్టాడు. అన్నీ పాసయ్యాడు, ఇంగ్లీషు ఒక్కటి మిగిలింది. మిల్లు మూతపడ్డాక ఈ బడిలో చేరాడు. తర్వాత ఎన్నోసార్లు ఫీజు కట్టాడు. ఒకసారైతే హాలు టికెట్టు పట్టుకుని పరీక్ష కేంద్రం మెట్లదాకా పోయాడు. అక్కడ అతని దగ్గర అయిదో తరగతి చదువుకున్న ఇద్దరు పిల్లలు మీసాలొచ్చి, ప్యాడ్లు చంకన పెట్టుకుని నిలబడ్డారు. పరుగెత్తుకొచ్చి కాళ్లకు దండం పెట్టి, "సార్, మీకు గీడ డ్యూటీ పడ్డదా?" అన్నారు. పాండురంగ హాలు టికెట్టు జేబులోకి తోసి, "ఆఁ, డ్యూటీనే. మంచిగ రాయుండ్రి" అని చెప్పి, వెనక గేటు గుండా బయటపడి, సైకిలు కూడా మరిచిపోయి చిలకానగర్ దాకా నడిచి ఇంటికి చేరాడు. మళ్లీ ఫీజు కట్టలేదు. ఆ సంగతి శారదకు కూడా చెప్పలేదు.

చిదంబరం ఇల్లు కూరగాయల మార్కెట్టు వెనక, మెట్ల కింద ఒకే గది. తలుపు తీసిన ఆమె నుదుటన బొట్టు లేదు. పాండురంగ గడప దగ్గరే ఆగిపోయాడు.

"చిదంబరం సార్..."

"లేడన్నా. పోయిండు. పెత్రమాస నాడు పొద్దుగాల ఛాతిల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోయేలోపలనే అయిపోయింది" అంది ఆయన భార్య శ్యామలమ్మ. అని అని ఆ మాట ఆమెకు అలవాటైపోయినట్టుంది. "మీరు బడికెల్లి వచ్చిన్రా?"

పెత్రమాస. బతుకమ్మ మొదలయ్యే రోజు. దీప మొదటి పాఠం దసరా సెలవుల తర్వాత. పాండురంగ వేళ్ల మీద లెక్కపెట్టుకోనక్కర లేకపోయింది. ఇరవైకి ఇరవై పాఠాలూ, ఆయన పోయాక ఆయనే చూసినట్టు, ఆయనే సంతకం పెట్టినట్టు, తేదీలతో సహా.

శ్యామలమ్మ కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చింది. గోడ మీద ఫోటోలో మనిషి గుండ్రటి ముఖం, బట్టతల. పాండురంగకు ఎక్కడా పోలిక లేదు. "బీఈడీ అయినంక మూడుసార్లు డీఎస్సీ రాసిండన్నా. రెండు మార్కులకు పోయింది ఒకపారి. గా కిరాణ హోల్‌సేల్ దుకాణంల గుమస్తా పనికి కుదిరిండు, ఇగ గంతే. ఒక్కనాడు గూడ పిల్లలకు పాఠం జెప్పలే. గని మీ బడి ముచ్చట తీస్తె సంబురపడుతుండె. 'నా పేరు మీద ఎవలో సారు మస్తు మంచిగ జెప్తుండంటనే, పిల్లలు నా పేరు తల్సుకుంటరంటనే' అంటుండె. ఒకపారి గా సారును ఇంటికి పిల్వాలె, చాయ తాగిపియ్యాలె అంటుండె." ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఆ సారు మీరేనా అన్నా?"

పాండురంగ గ్లాసు కింద పెట్టాడు. "కాదమ్మా. నేను ఆఫీసు పని జేస్త" అన్నాడు.

అబద్ధం అంత గబుక్కున ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. పరీక్ష కేంద్రం మెట్ల మీదా ఇలాగే వచ్చింది.

శ్యామలమ్మ మంచం కిందికి వంగి పొడుగాటి చుట్ట ఒకటి బయటికి లాగింది. నల్లటి గుడ్డ, రెండు చివరలా కర్రలు, బూటు లేసుతో కట్టి ఉంది. "బీఈడీల జేస్కున్న బోర్డంట. ఇరవై ఆరేండ్లు దాసిండు. ఇల్లు మారినప్పుడల్ల ముందుగాల గిదే సదురుకునెటోడు. నాకెందుకిది. ఆ సారుకియ్యిండ్రి. ఆయనకైన పనికొస్తది."

పాండురంగ దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. బరువేం లేదు. అయినా సందు మలుపు దాకా మోసుకుపోయేసరికి భుజం లాగేసింది.

బడికి వచ్చేసరికి మూడు దాటింది. సంగతి చెప్పగానే పరంధామయ్య చేతిలోని టీ గ్లాసు పట్టుకుని కాసేపు కిటికీ వంక చూశాడు. "అయ్యో, పాపం. నెమ్మదస్తుడు" అన్నాడు. టీ తాగాడు. ఫైలు ముందుకు లాక్కున్నాడు.

"మనిషి పోయిండు గని సర్టిఫికెట్ యాడికి పోతది పాండూ? పాస్‌బుక్కు జిరాక్సు గీ ఫైల్లనే ఉన్నది. జూసి నువ్వే దించు. ఇన్నేండ్లు పెడ్తనే ఉన్నవ్ గదా."

జిరాక్సులో అసలు సంతకం కనపడింది. చిన్నది. తోకా లేదు, చుక్కలూ లేవు. గీత దాటితే ఎవరైనా తిడతారేమో అన్నట్టు గడి మూలన ఒదిగి ఉంది. పాండురంగకు తల కొట్టేసినట్టయింది. పోయిన మనిషి ఇంత అణకువగా పెట్టుకున్న పేరుకు తను ఎంతేసి తోకలు తగిలించాడు!

"చూస్త సార్" అని కాగితం తీసుకుని పైకి వెళ్లాడు.

ఏడో తరగతి పిల్లలు డ్రిల్లుకు కిందికి పోయారు. దీప ఒక్కతే మొదటి బెంచీ మీద రికార్డు తెరిచిపెట్టుకుని కూర్చుంది. తన బోర్డు చుట్టి కట్టేసుకుంది కూడా. పాండురంగ చేతిలోని బోర్డు ఎక్కడ పెట్టాలో తెలియక ఖాళీ అయిన మేకుకే తగిలించాడు. లేసు ముడి జారి గుడ్డ దానంతటదే కిందికి విచ్చుకుంది. పైన తెల్ల రంగుతో వంకరలేని అక్షరాలు: తరగతి, విషయం, తేది. వాటి పక్కన ఖాళీలు. ఆ కింద, ఉపాధ్యాయుడు: కె. చిదంబరం.

"అబ్బ, మీ బోర్డా సార్! మీరు బీఈడీల జేసిందా?" అని దీప సంబరంగా లేచింది.

పాండురంగ ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. తరగతిలో ఇంతగా మాటలు వెతుక్కోవలసిన అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

"నాది గాదు బిడ్డా. చిదంబరం సార్‌ది. నేను చిదంబరం గాదు. నా పేరు పాండురంగ. నాకు బీఈడీ లేదు. డిగ్రీ గూడ పూర్తిగ లేదు. ఆయన లాలాపేటల ఉంటుండె. పెత్రమాస నాడు పోయిండట. నీ పాఠాలన్ని ఆ తర్వాతియే. నాకు ఇయ్యాలనే తెల్సింది."

దీప ముందు నవ్వబోయింది. అతని ముఖం చూసి ఆగింది. "పిల్లలు పాండు సారు అంటుంటే ముద్దు పేరనుకున్న సార్" అంది సన్నగా.

"నేను నీ ఎంబడి కాలేజీకి వస్త. మీ మేడంకు అన్ని జెప్త. తప్పు నాది, ఈ పిల్లది గాదు, పాఠాలు మట్టుకు నిజంగ జెప్పింది అని రాసిస్త. పాండురంగ అని నా పేరు మీదనే రాసిస్త."

"వద్దు సార్!" దీప రికార్డును రెండు చేతులతో ఛాతీకి అదుముకుంది. "మీకు దండం బెడ్త, గట్ల జెయ్యకుండ్రి. పాఠాలు చెల్లయంటరు. ప్రాక్టికల్ పోతది. మా అత్తగారోళ్లు గీ ఒక్క యాడాదే అన్నరు సార్. మల్ల సదువుకోనియ్యరు. నాకు మల్ల రాదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి రోజు వచ్చిన నీళ్లు కావవి. ఆ రోజు పాండురంగ ఓదార్చగలిగాడు.

కింద డ్రిల్లు మాస్టరు ఈల ఊదుతున్నాడు. దీప కళ్లు తుడుచుకుంది. మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కొద్దిగా కదిలాయి. తర్వాత రికార్డు తెరిచి, చివరి పేజీ అతని ఒళ్లో పెట్టింది.

"మీరు జూసింది నిజమే. నేను జెప్పింది నిజమే. పేరొక్కటే గద సార్" అంది. "ఆ సంతకమే పెట్టుండ్రి. మిగిలిన పందొమ్మిదిట్ల ఉన్నట్టే."

పాండురంగకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు. ఇరవై పాఠాల్లో తను నేర్పింది ఏమిటో అతనికి ఇప్పుడు తెలిసింది. ఎంత సిగ్గనిపించిందంటే, ఎవరైనా వచ్చి ఈడ్చుకుపోయి అందరి ముందూ నిలబెట్టినా దీనికన్నా నయమే అనిపించింది. ఏడేళ్లూ పొట్టకోసం, మొహమాటం కోసం, ఎవరో పెట్టమన్నారని పెట్టాడు. ఇప్పుడు ఆయన పోయాడని తెలిసి, కావాలని, తన శిష్యురాలు అడిగితే పెట్టాలి. పెట్టకపోతే ఆ పిల్ల బతుకు తన నిజాయితీకి బలి. అంత ఆలస్యంగా పుట్టిన నిజాయితీని తన ఖర్చుతో కాక ఇంకొకరి ఖర్చుతో నిలబెట్టుకోవడానికి అతనికి చేతులు రాలేదు.

ఎర్ర పెన్ను తీశాడు. ముందు నాలుగు మాటలు రాశాడు, నిదానంగా, గుండ్రంగా. 'పాఠం పిల్లల దగ్గర మొదలై పిల్లల దగ్గరికే వచ్చింది. ప్రశ్న అడిగి ఆగడం ఈమెకు వచ్చింది. మంచి ఉపాధ్యాయురాలు అవుతుంది.' ఆ మూడు వాక్యాలూ నిజం. ఆ కింద పేరు వేశాడు. అర్హత: ఎం.ఏ., బీఈడీ. పెద్ద 'చి', పొడుగాటి తోక, చివర రెండు చుక్కలు. ఏడేళ్లలో అంత బాగా ఎన్నడూ రాలేదు.

దీప సిరా ఆరేదాకా ఊది, రికార్డు మూసి సంచిలో పెట్టుకుంది. బీఈడీ పిల్లలు చివరి రోజున వంగి పాండురంగ పాదాలు ముట్టుకోవడం ఏటా మామూలే. దీప రెండడుగులు ముందుకు వచ్చి ఆగింది. "వస్త సార్" అంది. తన బోర్డు చంకన పెట్టుకుని, మెట్లు గబగబా దిగిపోయింది.

పాండురంగ కిందికి వచ్చి, డిక్లరేషన్ కాగితం మడత విప్పి పరంధామయ్య బల్ల మీద పెట్టాడు. సంతకం గడి ఖాళీగా ఉంది.

"రేపటి సంది నేను రాను సార్."

"ఏంది? ఎందుకు రావు? ఏమయింది?"

"చిదంబరం సార్ పోయిండు గద సార్" అన్నాడు పాండురంగ.

పరంధామయ్యకు అర్థం కాలేదు. "ఆయన పోతే నీకేమయింది పిచ్చోడా? తనిఖీ అయినంక మాట్లాడుకుందాం, కూసో" అని, లేవబోయి మోకాలు పట్టుకున్నాడు.

పాండురంగ కూర్చోలేదు. హాజరుపట్టీ బల్ల మీద పెట్టాడు. ఎర్ర పెన్ను దాని మీద పెట్టబోయి, కాసేపు చూసి, అదీ పెట్టేశాడు. ప్యాంటుకు క్లిప్పు పెట్టుకున్నాడు. డ్రిల్లు ముగించి వస్తున్న ఏడో తరగతి పిల్లలు, "పాండు సారూ, టాటా!" అని అరిచారు. ఆ పేరు విని అతను తిరిగి చూశాడు, చెయ్యి ఊపాడు. గేటు దాటాక గాని బోర్డు సంగతి గుర్తుకు రాలేదు. ఆ సారుకివ్వమంది శ్యామలమ్మ. సైకిలు పట్టుకుని నిలబడ్డాడు గాని వెనక్కి పోలేదు.

పైన ఏడో తరగతిలో పిల్లలు సంచులు సర్దుకుని పోయారు. ఆయా వచ్చి ఊడ్చి, కిటికీలు మూసి, గడియ పెట్టింది. రేకుల సందుల్లోంచి వచ్చే గాలికి మేకు మీది నల్లగుడ్డ కింది కర్ర అప్పుడప్పుడు గోడకు తగిలి చప్పుడు చేస్తోంది. దాని మీద తరగతి, విషయం, తేది అన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఉపాధ్యాయుడి పేరు మాత్రం ఉంది.